మూర్ఛ మందులు, మెదడు పనితీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూరాలజీ విభాగంలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మాట వేగం పరీక్షించే సైకాలజిస్టుని నేను. మందులు రాసే డాక్టర్‌ని కాదు. నా గదికి వచ్చేవాళ్లలో చాలామందికి ఫిట్స్ అప్పటికే అదుపులో ఉంటాయి. కూర్చున్నాక కాసేపు అటూ ఇటూ చూసి, "ఫిట్స్ రావట్లేదు మేడమ్, కానీ బుర్ర మునుపటిలా లేదు" అంటారు. ఆ ఒక్క మాట చెప్పడానికి కొందరు ఏళ్ల తరబడి ఆగి ఉంటారు. ఓపీలో "ఫిట్స్ వచ్చాయా?" అని అడుగుతారు, "లేదండీ" అంటారు, "అయితే అవే మందులు వాడండి" అన్న మాటతో చీటీ చేతికొస్తుంది. బుర్ర సంగతి చెప్పే సందు దొరకదు.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. చదివే ముందు ఒక్క మాట: ఇందులో ఏది చదివినా రేపటి మాత్ర మానకండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. మందు మార్చాలన్నా తగ్గించాలన్నా మీ డాక్టర్‌తో మాట్లాడాకే.

ఫిట్స్ మందు మెదడులో అసలు ఏం చేస్తుంది?

పెళ్లి జరుగుతున్న ఇంటిని ఊహించుకోండి. వంటశాలలో వంటవాళ్లు, మండపంలో పురోహితుడు, విడిదింట్లో మగపెళ్లివారు. ఎవరి హడావిడి వారిది, ఒక చోటి కబురు ఇంకో చోటికి మోసేవాళ్లు మధ్యలో తిరుగుతుంటారు. గోల గోలగా కనిపించినా పెళ్లి సవ్యంగానే జరుగుతుంది. అదే ఇంట్లో అందరూ ఒక్కసారిగా ఒకే మాట గొంతెత్తి అరవడం మొదలుపెడితే ఏ పనీ సాగదు. ఫిట్ అంటే దాదాపు అదే. మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో ఒక గుంపు, కొన్నిసార్లు దాదాపు అన్నీ, ఒకే తాళానికి కరెంటు వదలడం.

మందులు ఆ అరుపును పాకనివ్వవు. అయితే అన్నీ ఒకే దారిలో పనిచేయవు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, లాకోసమైడ్ నాడీకణం గోడలోని సోడియం ద్వారాల మీద పనిచేస్తాయి. అతి వేగంగా కొట్టుకునే కణాలనే ఇవి ఎక్కువగా పట్టుకుంటాయి, మామూలుగా మాట్లాడుకునే కణాలను కొంతవరకు వదిలేస్తాయి. ఫెనోబార్బిటాల్, క్లోబజామ్ లాంటివి మెదడుకు సహజంగా ఉన్న బ్రేకును, అంటే గాబా అనే రసాయనాన్ని, మరింత గట్టిగా నొక్కుతాయి. పెరాంపనెల్ కణాలను రెచ్చగొట్టే గ్లుటమేట్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ ఒకేసారి రెండు మూడు దారుల్లో పనిచేస్తాయి. లెవెటిరాసిటామ్ దారి వీటన్నిటికీ వేరు. కబురు మోసే సంచుల మీద ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు అది అతుక్కుంటుంది. ఆ మందు 1999లో అమెరికాలో అనుమతి పొందింది, ఆ ప్రొటీన్ సంగతి బయటపడింది మాత్రం 2004లో.

ఎంత తెలివైన మందైనా అరుపుకీ కబురుకీ మధ్య గీత పూర్తిగా గీయలేదు. కబురు కూడా కొంత నెమ్మదిస్తుంది. "మొద్దుబారినట్టుంది" అని మీరంటున్నది ఆ నెమ్మదినే.

మెదడు నెట్‌వర్క్ అంటారు, అదేమిటి? మందు దాన్ని ఎలా మారుస్తుంది?

ఒక పనికి మెదడులో ఒక్క చోటే పనిచేస్తుందని పాత ఆలోచన. నిజానికి మాట వెతకాలన్నా, లెక్క గుర్తుపెట్టుకోవాలన్నా దూర దూరంగా ఉన్న చాలా చోట్లు ఒకదానితో ఒకటి లయ కలుపుకోవాలి. అలా కలిసి పనిచేసే చోట్ల గుంపును నెట్‌వర్క్ అంటున్నాం.

దీన్ని చూడటానికి వాడేది ఫంక్షనల్ ఎంఆర్‌ఐ. పని పెరిగిన చోటికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ తేడాను స్కానర్‌తో పట్టవచ్చని సెయిజి ఒగావా బృందం 1990లో చూపించింది. 1995లో భరత్ బిస్వాల్ అనే పరిశోధకుడు ఇంకో విషయం గమనించారు. మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నప్పుడు కూడా, కలిసి పనిచేసే చోట్లు కలిసే ఊగుతున్నాయి. ఈ ఊగుడు ఎంత కలిసి ఉందో లెక్కకట్టేదే కనెక్టివిటీ.

వీటిలో మన కథకు బాగా పనికొచ్చేది డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్. 2001లో మార్కస్ రైకిల్ బృందం రాసిన వ్యాసంతో దానికి ఆ పేరు వచ్చింది. మీరు కిటికీలోంచి చూస్తూ నిన్నటి సంగతులు తలుచుకుంటున్నప్పుడు అది చురుగ్గా ఉంటుంది. ఎవరైనా ప్రశ్న వేయగానే అది తగ్గాలి, పనిచేసే నెట్‌వర్క్ లేవాలి. ఒకటి తగ్గడం, ఇంకొకటి లేవడం, ఈ మార్పిడి చక్కగా జరిగితేనే జవాబు చటుక్కున వస్తుంది.

ఫిట్స్ జబ్బే ఈ మార్పిడిని దెబ్బతీస్తుంది. కొన్ని మందులు దాన్ని ఇంకాస్త తడబడేలా చేస్తాయి, కొన్ని మామూలు స్థితికి దగ్గరగా తెస్తాయి. అందుకే "మందులన్నీ బుర్రను మందం చేస్తాయి" అనే మాట తప్పు. ఏ మందు, ఎంత డోసు, ఎవరికి అన్నది చూడాలి.

మతిమరుపు మందు వల్లా, జబ్బు వల్లా?

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. నిజాయితీగా చెప్పాలంటే చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. విడదీసి చూడటం కుదురుతుంది, దానికి కాస్త ఓపిక కావాలి.

ముందు జబ్బు సంగతి. ఫిట్స్ మొదలయ్యే చోటు చాలామందిలో టెంపొరల్ లోబ్, అంటే కణతల వెనక ఉండే మెదడు భాగం. కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్ కూడా అక్కడే ఉంది. అక్కడ మచ్చ ఉంటే మాత్ర వేసుకోకపోయినా జ్ఞాపకం తగ్గుతుంది. మన దేశంలో మరో కారణం ఎక్కువ: బద్దెపురుగు గుడ్లు కలుషితమైన తిండితో లోపలికి వెళ్లి మెదడులో కట్టే తిత్తులు. తిత్తి ఎక్కడుందన్న దాన్ని బట్టి పనితీరు మారుతుంది. బ్రిటన్‌లో కొత్తగా ఫిట్స్ బయటపడినవాళ్లను మందు మొదలుపెట్టకముందే పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క మాత్ర కూడా వేసుకోని వాళ్లలోనే జ్ఞాపకశక్తి, వేగం తగ్గి ఉన్నాయి. మందును తిట్టుకునే ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

తర్వాత, బయటికి ఫిట్‌లా కనిపించని చిన్న చిన్న విద్యుత్ మెరుపులు. తలకు తీగలు అంటించి మెదడు కరెంటును గీసే ఈఈజీ పరీక్షలో మాత్రమే పడతాయి. అవి వచ్చిన ఆ ఒకటి రెండు సెకన్లలో విన్నది లోపలికి వెళ్లదు. పక్కనున్నవాళ్లకు "వీడు వినట్లేదు" అనిపిస్తుంది. ఇలాంటి మనిషికి మందు డోసు పెంచితే కొన్నిసార్లు బుర్ర ఇంకా చురుగ్గా అవ్వొచ్చు కూడా.

నిద్ర సరిపోకపోయినా, దిగులు పట్టుకున్నా మతిమరుపు వస్తుంది. ఫిట్స్ ఉన్నవాళ్లలో దిగులు మామూలు జనంలో కన్నా బాగా ఎక్కువ. నా గదిలో పరీక్ష బాగానే చేసి "నాకేం గుర్తుండదు" అని ఏడ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కావలసింది మందు మార్పు కాదు, దిగులుకు చికిత్స.

మరి మందుదే తప్పని ఎప్పుడు అనుమానించాలి? తేదీలు చూడండి. కొత్త మందు మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన కొన్ని వారాల్లోనే తేడా మొదలైతే అనుమానం మందు మీదే. మందుకు ముందు నుంచే ఉంటే జబ్బు మీద. తేదీలు గుర్తులేకపోతే పాత చీటీలు తీసి చూడండి. చీటీలు పారేయొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

ఏ మందుతో ఈ ఇబ్బంది ఎక్కువ, దేనితో తక్కువ?

ఎక్కువ ఇబ్బంది పెట్టేవాటిలో మొదటివి టోపిరమేట్, ఫెనోబార్బిటాల్. జొనిసమైడ్ కూడా టోపిరమేట్ బాటలోనే నడుస్తుంది.

ఫెనోబార్బిటాల్, మన దగ్గర చాలామంది గార్డినాల్ అనే పేరుతో ఎరిగిన మందు, 1912 నుంచి ఫిట్స్‌కు వాడుకలో ఉంది. ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే జర్మన్ డాక్టర్ దాని గుణం కనిపెట్టారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఫిట్స్‌ను బాగా ఆపుతుంది. దాని వల్ల బతికి బట్టకట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు కాబట్టి దాన్ని చిన్నచూపు చూడను. కానీ మత్తు, నెమ్మది, పిల్లల్లో చికాకు దానితో ఎక్కువ.

ఫెనిటాయిన్, కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్ మధ్యలో నిలుస్తాయి. మామూలు డోసులో చాలామంది వీటితో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, చదువుకుంటున్నారు. డోసు పెరిగే కొద్దీ ఆలోచన, చేతి వేగం తగ్గుతాయి. 2001లో జర్మనీలో చేసిన ఒక స్కాన్ అధ్యయనంలో రక్తంలో కార్బమజెపిన్ మోతాదు ఎక్కువ ఉన్నవాళ్లలో, జ్ఞాపకం తెచ్చుకునే పని ఇచ్చినప్పుడు టెంపొరల్ లోబ్ లోపలి భాగం తక్కువగా వెలిగింది.

ఫెనిటాయిన్‌ది ఒక ప్రత్యేకమైన చిక్కు. ఒక హద్దు దాకా డోసుకు తగ్గట్టు రక్తంలో పెరుగుతుంది. ఆ హద్దు దాటాక కాలేయం ఇక చేతులెత్తేస్తుంది, డోసు కొంచెం పెంచినా రక్తంలో మోతాదు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అడుగులు తడబడటం, కళ్లు అదరడం, మాట ముద్దముద్దగా రావడం, మగత వస్తాయి. తాగొచ్చాడేమో అని ఇంట్లోవాళ్లే పొరబడతారు. ఇలా కనిపిస్తే వాయిదా వేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి.

వాల్‌ప్రోయేట్ కొద్దిమందిలో రక్తంలో అమ్మోనియా పెంచి మందకొడితనం, అయోమయం తెస్తుంది. పెద్ద వయసువాళ్లలో కొన్నిసార్లు చేతులు వణకడం, మతిమరుపు కలిసి పార్కిన్సన్స్‌లాగో డిమెన్షియాలాగో కనిపిస్తుంది. మందు మానిపిస్తే నెలల్లో తగ్గుతుంది. అందుకే "నాన్నగారికి మతి పోతోంది" అని వచ్చినవాళ్లను నేను మొదట మందుల సంచి చూపించమంటాను.

తక్కువ ఇబ్బంది పెట్టేవి లామోట్రిజిన్, లెవెటిరాసిటామ్, లాకోసమైడ్. ఇక్కడ ఒక హెచ్చరిక: లామోట్రిజిన్ డోసు వారాల మీద మెల్లగా పెంచాలి. తొందరపడితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. వాల్‌ప్రోయేట్‌తో కలిపి వాడుతుంటే ఇంకా మెల్లగా, ఇంకా తక్కువ డోసులో.

మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఎందుకు?

మీరు టోపిరమేట్ వాడుతున్నారా అన్నది నా మొదటి ప్రశ్న. ఫిట్స్‌కే కాదు, మైగ్రేన్ తలనొప్పికి కూడా ఈ మందు రాస్తారు కాబట్టి ఫిట్స్ లేనివాళ్లు కూడా ఈ మాటే చెబుతుంటారు.

ఒక టీచరమ్మ గుర్తొస్తున్నారు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి. మందు మార్చాక క్లాసులో డస్టర్ అనే మాట దొరక్క "అది... ఆ తుడిచేది ఇవ్వరా" అన్నారట. పిల్లలు నవ్వారట. ఆ నవ్వు చెబుతూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను మామూలుగా చేసే పరీక్ష పెట్టాను: "ఒక నిమిషంలో 'ప'తో మొదలయ్యే మాటలు ఎన్ని వస్తే అన్ని చెప్పండి." పలక, పాలు, పుస్తకం దాకా గబగబా చెప్పి, ఆ తర్వాత గోడకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడకు మాటలు తెలియక కాదు, వాటిని లాగే చెయ్యి అందలేదు.

స్కానర్‌లో ఇదే పని చేయిస్తే ఏం కనిపిస్తుందో లండన్‌లోనూ మరికొన్ని చోట్లా పరిశోధకులు చూశారు. టోపిరమేట్ వాడేవాళ్లలో మాటలు వెతికే సమయంలో డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ తగ్గాల్సినంత తగ్గడం లేదు. జొనిసమైడ్ వాడేవాళ్లలోనూ మాటలు వెతికే నెట్‌వర్క్‌ల పని మారుతోంది. పెళ్లి ఇంటి పోలికలోనే చెప్పాలంటే, ముహూర్తం వేళ అయినా అరుగు మీద కబుర్లు ఆగడం లేదు, పురోహితుడి మాట వినిపించడం లేదు.

ఇది జబ్బు వల్లేమో అనే అనుమానాన్ని 1999లో వచ్చిన ఒక అధ్యయనం తీర్చింది. ఫిట్స్ లేని, ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులకు టోపిరమేట్, లామోట్రిజిన్, గాబాపెంటిన్ విడివిడిగా ఇచ్చి చూశారు. మాటల ధార, ఏకాగ్రత పడిపోయింది టోపిరమేట్ తీసుకున్నవాళ్లలోనే. అంటే ఇందులో మీ తెలివితక్కువతనం గానీ, శ్రద్ధ లోపం గానీ లేదు.

మందు వాడే అందరికీ ఇలా అవదు. డోసు మెల్లగా పెంచితే, తక్కువ డోసులో ఆపితే ఇబ్బంది తక్కువ. మందు మారిస్తే చాలామందిలో మాట తిరిగి వస్తుంది. ఆ టీచరమ్మకు డాక్టర్‌గారు వారాల మీద మందు మార్చారు. మళ్లీ వచ్చినప్పుడు 'ప' అనగానే పప్పు, పచ్చడి, పులుసు, పెరుగు అని భోజనం మొత్తం వడ్డించేశారు.

లెవెటిరాసిటామ్ మొదలుపెట్టాక మా ఆయనకు విపరీతమైన కోపం వస్తోంది. మందు వల్లేనా?

కావచ్చు. చికాకు, కోపం, దిగులు ఈ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితాలు. ఆలోచన వేగాన్ని పెద్దగా దెబ్బతీయని మందు స్వభావాన్ని మార్చేస్తుంటే ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. ఇంతకుముందు దిగులు, ఆందోళన ఉన్నవాళ్లలో అవకాశం ఎక్కువ. ఇంట్లో గొడవలు పెట్టుకుని, "ఈ మనిషే ఇంతేమో" అని బాధపడినవాళ్లను చూశాను. దయచేసి ఆయన్ని తప్పుపట్టే ముందు డాక్టర్‌కు చెప్పండి. డోసు తగ్గించడం, దాని చుట్టమే అయిన బ్రివరాసిటామ్‌కు మార్చడం, వేరే మందు ఇవ్వడం, ఇలా దారులున్నాయి. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే అది అత్యవసరం, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ఈ మందు గురించి ఇంకో విషయం. జ్ఞాపకశక్తి కోసం వాడే పిరాసిటామ్ కుటుంబంలోంచే ఇది పుట్టింది. టెంపొరల్ లోబ్ ఫిట్స్ ఉన్నవాళ్లలో స్కాన్ చేసినప్పుడు, అనవసరంగా చురుగ్గా ఉండిపోతున్న హిప్పోకాంపస్ ప్రాంతం దీనితో మామూలు తీరుకు దగ్గరైంది. 2012లో అమెరికాలో అల్జీమర్స్‌కు ముందు దశలో ఉన్న పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు 125 మి.గ్రా. చొప్పున, చాలా చిన్న డోసు, ఇచ్చి చూస్తే హిప్పోకాంపస్ అతి చురుకుదనం తగ్గి జ్ఞాపక పరీక్షలో మెరుగయ్యారు. కొద్దిమందితో చేసిన పరిశోధన అది. మతిమరుపుకు ఇదే మందు అని షాపులో కొనేయకండి.

మా పాప చదువులో వెనకబడుతోంది. మందు ఆపించాలా?

ఆపించకండి, అడగండి. పిల్లల మెదడు ఇంకా తీగలు అల్లుకుంటూ ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్న నిజంగా ముఖ్యమైనది.

జ్వరంతో ఫిట్స్ వచ్చిన చిన్నపిల్లల మీద 1990లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. 8 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలు 217 మంది. సగం మందికి ఫెనోబార్బిటాల్, సగం మందికి ఉత్తుత్తి మందు. రెండేళ్లకు ఫెనోబార్బిటాల్ గుంపు సగటు ఐక్యూ 8.4 పాయింట్లు తక్కువగా తేలింది. మందు ఆపిన 6 నెలలకు కూడా 5.2 పాయింట్ల తేడా ఉండిపోయింది. పైగా ఫిట్స్ తగ్గించడంలో పెద్ద లాభమూ కనిపించలేదు. జ్వరం ఫిట్స్‌కు ఏళ్ల తరబడి రోజూ ఆ మందు వేయడం తగ్గిపోయిందంటే ఇలాంటి ఫలితాలే కారణం.

ఇంకొకటి ఆబ్సెన్స్ ఫిట్స్. పిల్లలు కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోయే రకం. టీచర్లు "పరధ్యానం" అని కొట్టిన పిల్లలను చూశాను, చాలా బాధేస్తుంది. 2010లో అమెరికాలో ఈ పిల్లలకు మూడు మందులు పోల్చారు. ఫిట్స్ ఆపడంలో ఈథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ సమానంగా పనిచేశాయి. కానీ ఏకాగ్రత లోపం వాల్‌ప్రోయేట్ గుంపులో 49 శాతం మందిలో, ఈథోసక్సిమైడ్ గుంపులో 33 శాతం మందిలో కనిపించింది. ఫిట్స్ ఆపిన రెండు మందులు చదువు విషయంలో ఒకటి కాదని తేల్చిన అధ్యయనం ఇది. పిల్లల డాక్టర్‌ను "ఏకాగ్రతకు ఇంతకన్నా తేలికైన మందు ఉందా?" అని అడగడంలో తప్పులేదు.

స్కూల్లో టీచర్‌కు విషయం చెప్పండి. దాచిపెడితే పాపకే నష్టం. పరీక్షలో కాస్త ఎక్కువ సమయం, ముందు బెంచీలో చోటు, ఉదయం డోసు తర్వాత మగతగా ఉంటే ఆ పీరియడ్‌లో కాస్త ఓర్పు, ఇవి అడగవచ్చు.

రెండు మూడు మందులు కలిపి వాడితే?

మందుల సంఖ్య పెరిగే కొద్దీ ఏకాగ్రత, ప్లానింగ్ వంటి పనులు తగ్గుతాయని జర్మనీలోని బాన్ నగరంలో క్రిస్టోఫ్ హెల్మ్‌స్టెటర్ బృందం చాలామంది రోగులను పరీక్షించి చూపించింది. అయితే ఒక మందుతో అందరికీ ఫిట్స్ ఆగవు. 2000లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన పేరున్న అధ్యయనంలో మొదటి మందుతోనే ఫిట్స్ ఆగింది 47 శాతం మందికి. కాబట్టి కొందరికి రెండు మందులు తప్పవు. అడగాల్సింది ఏమంటే, కొత్త మందు చేర్చాక పాతది ఇంకా అవసరమా అని. ఎప్పుడో చేర్చిన మూడో మందు ఎందుకుందో ఎవరికీ గుర్తులేని చీటీలు నేను చాలా చూశాను.

సరైన రెండు మందులు సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, సర్జరీ పనికొస్తుందేమో చూడటానికి పెద్ద ఎపిలెప్సీ కేంద్రానికి వెళ్లండి. మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్లు గడపకండి.

పెళ్లయింది, పిల్లలు కావాలనుకుంటున్నాం. బిడ్డ మెదడు మీద మందు ప్రభావం ఉంటుందా?

వాల్‌ప్రోయేట్ అయితే ఉంటుంది, ఇందులో సందేహం లేదు. కిమ్‌ఫర్డ్ మీడర్ బృందం అమెరికా, బ్రిటన్‌లలో గర్భంలో మందు ప్రభావానికి గురైన పిల్లలను 6 ఏళ్ల దాకా చూసి 2013లో ఫలితాలు చెప్పింది. వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లల సగటు ఐక్యూ 97. కార్బమజెపిన్ గుంపులో 105, లామోట్రిజిన్, ఫెనిటాయిన్ గుంపుల్లో 108. గర్భం దాల్చే సమయంలో ఫోలిక్ యాసిడ్ తీసుకున్న తల్లుల పిల్లల సగటు మెరుగ్గా ఉంది. వాల్‌ప్రోయేట్‌తో పదిమందిలో ఒక బిడ్డకు పుట్టుకతో లోపాలు వచ్చే ప్రమాదం కూడా ఉంది. అందుకే 2018లో బ్రిటన్ గర్భనిరోధక ఏర్పాటు లేకుండా గర్భం దాల్చగల మహిళలకు ఈ మందు ఇవ్వకూడదని నియమం పెట్టింది.

మందు మార్పు గర్భానికి ముందే జరగాలి, నెలలు పడుతుంది. ఇప్పటికే గర్భవతి అయితే భయంతో మానేయకండి, వెంటనే న్యూరాలజిస్టును కలవండి. తల్లికి పెద్ద ఫిట్ వస్తే బిడ్డకూ ప్రమాదమే. ఫిట్స్ ఉన్నాయన్న సంగతి పెళ్లికి ముందు దాచాల్సి వచ్చిందని, అత్తగారికి తెలియకుండా మాత్రలు బియ్యం డబ్బాలో పెట్టుకుంటున్నానని చెప్పిన అమ్మాయిలున్నారు. 1999లోనే చట్టం సవరించి, ఫిట్స్‌ను హిందూ వివాహం రద్దుకు కారణాల్లోంచి తీసేశారు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి.

ఫంక్షనల్ ఎంఆర్‌ఐ తీయిస్తే నా మందు సంగతి తెలుస్తుందా?

తెలియదు. నేను చెప్పిన స్కాన్ ఫలితాలన్నీ గుంపుల సగటులు. ఒక్క మనిషి స్కాన్ చూసి "ఈ మందు మీకు పడదు" అని ఎవరూ చెప్పలేరు. సర్జరీకి ముందు, మాటను నడిపే భాగం మెదడులో ఏ వైపు ఉందో చూడటానికి మాత్రం ఆ స్కాన్ ఉపయోగపడుతుంది. మీ డబ్బును పరీక్షలో పెట్టాలనుకుంటే, మందుకు ముందు ఒకసారి, మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఒకసారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్ష చేయించుకోండి. కాగితం, పెన్సిలు, ఒక గంట చాలు.

బ్రాహ్మి, శంఖపుష్పి వంటి మెమరీ టానిక్ వాడవచ్చా?

డాక్టర్‌కు చెప్పకుండా వద్దు. 1992లో ముంబై వైద్యులు ఒక విషయం ప్రచురించారు. ఫెనిటాయిన్‌తో అదుపులో ఉన్న ఇద్దరు రోగులకు శంఖపుష్పి సిరప్ మొదలుపెట్టాక ఫిట్స్ తిరగబెట్టాయి. ఎలుకల్లో పరీక్షిస్తే సిరప్ ఫెనిటాయిన్ మోతాదును రక్తంలో తగ్గిస్తున్నట్టు తేలింది. "మూలికే కదా, ఏం చేస్తుంది" అనుకోవద్దు.

వేడినీళ్లు తల మీద పోసుకుంటే ఫిట్స్ వస్తాయి. దానికీ రోజూ మందు వాడాలా?

దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఎక్కువగా కనిపించే రకమిది. తలంటు పోసుకున్నప్పుడు వస్తుంది. నీళ్ల వేడి తగ్గించడమే మొదటి చికిత్స. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు తలస్నానానికి ముందు మాత్రమే క్లోబజామ్ ఇచ్చి మంచి ఫలితాలు చూశారు. స్నానం లేని రోజున మగత ఉండదు కాబట్టి బుర్రకూ తేలిక. వేరే సమయాల్లో కూడా ఫిట్స్ వస్తుంటే రోజువారీ మందు అవసరం కావచ్చు.

ఫిట్స్ లేక ఏళ్లయింది. మందు ఆపితే బుర్ర మునుపటిలా అవుతుందా?

కొంత మెరుగుపడవచ్చు. నార్వేలో ఒకే మందు మీద రెండేళ్లకు పైగా ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు నెమ్మదిగా ఆపి, ఇంకో గుంపుకు కొనసాగించి పోల్చారు. ఆపినవాళ్లు వేగంగా, రెండు పనులు ఒకేసారి చూసుకోవాల్సిన కష్టమైన పరీక్షల్లో మెరుగయ్యారు. తేలిక పరీక్షల్లో పెద్ద తేడా లేదు. ఏడాదిలో ఫిట్ తిరిగి వచ్చింది ఆపినవాళ్లలో 15 శాతం మందికి, కొనసాగించినవాళ్లలో 7 శాతం మందికి. అంతకు ముందు 1991లో బ్రిటన్‌లో 1,013 మందితో చేసిన పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు ఫిట్ లేకుండా మిగిలింది కొనసాగించినవాళ్లలో 78 శాతం, ఆపినవాళ్లలో 59 శాతం.

ఈ అంకెలను మీ బతుకుతో కలిపి చూడాలి. రోజూ బైక్ మీద తిరిగే మనిషికి, బావి దగ్గర మోటారు చూసుకునే రైతుకు ఒక్క ఫిట్ అయినా పెద్ద ప్రమాదం. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ల లెక్క వేరు. మీ ఫిట్స్ రకం, ఈఈజీ, స్కాన్ చూసి డాక్టర్ చెప్పాలి. ఆపాలనుకున్నా నెలల మీద, మెట్టు మెట్టుగా.

డాక్టర్ దగ్గర రెండు నిమిషాలే దొరుకుతుంది. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

"మతిమరుపుగా ఉంది" అంటే అందులో ఏదైనా ఉండొచ్చు. సంఘటన చెప్పండి. "ఈ నెలలో రెండుసార్లు గ్యాస్ మీద పాలు పెట్టి మరిచిపోయాను", "కస్టమర్ పేరు మధ్యలో పోతోంది", "లెక్క రెండోసారి చేయాల్సి వస్తోంది". ఎప్పటి నుంచి అన్నది మందు తేదీతో కలిపి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. రోజులో ఏ వేళ ఎక్కువో కూడా రాయండి. మాత్ర వేసుకున్న గంట రెండు గంటల్లో ఎక్కువైతే డోసును విడగొట్టడం, రాత్రికి ఎక్కువ పెట్టడం, మెల్లగా విడుదలయ్యే రకానికి మారడం వంటివి డాక్టర్ ఆలోచించగలరు. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి, మనకు కనిపించనివి వాళ్లకు కనిపిస్తాయి.

రాత్రి మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండటం లేదు. ఏం చేయాలి?

సోమవారం నుంచి ఆదివారం దాకా గళ్లున్న మాత్రల డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది, దాన్ని ఆదివారం సాయంత్రం నింపుకోండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. మరిచిపోయింది కొన్ని గంటల్లోనే గుర్తొస్తే వేసుకోండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే ఆ ఒక్క డోసే వేసుకోండి, రెండు కలిపి మింగకండి. రోజుకు మూడుసార్లు వేసుకునే మందుతో తరచూ ఇలా అవుతుంటే, రోజుకు ఒకటి రెండుసార్లకు మార్చగలరేమో అడగండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, అలారం మోగితే, మాత్ర నోట్లో పడ్డాకే దాన్ని ఆపండి.